మాత్రా? మాటా?

విశాఖలో మధురవాడ వైపు కాలేజీల్లో చదువుకునే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఎవరో నా పేరు చెబితే వెతుక్కుంటూ వస్తారు. కాఫీ తాగి, కాసేపు అవీ ఇవీ మాట్లాడాక అసలు విషయానికి దిగుతారు. “మేడమ్, సైకియాట్రీ తీసుకోమంటారా, క్లినికల్ సైకాలజీ తీసుకోమంటారా?” ఆ మాట చెవిన పడగానే నాకు ఇప్పటికీ ఒళ్ళు ఝల్లుమంటుంది. మోకాళ్ళ నొప్పులతో కుర్చీకి అతుక్కుపోయిన రిటైర్డ్ మనిషిని, క్షణంలో హౌస్ సర్జన్ పిల్లనైపోతాను. ఆ ప్రశ్నతో నేను కుస్తీ పట్టినన్ని నెలలు మరే ప్రశ్నతోనూ పట్టలేదు.

ముందు తేడా చెప్పేస్తాను. సైకియాట్రిస్టులంటే ఎంబీబీఎస్ చేసి, ఆపైన మానసిక వ్యాధుల వైద్యం చదివిన డాక్టర్లు. రోగం ఏమిటో తేలుస్తారు, మందులు రాస్తారు, అవసరమైతే ఆసుపత్రిలో చేర్చుకుంటారు. క్లినికల్ సైకాలజిస్టులంటే మనస్తత్వశాస్త్రం చదివి, రోగుల మధ్య శిక్షణ పొందినవారు. వాళ్ళు మందులు రాయరు. పరీక్షలు చేస్తారు, మాట్లాడతారు, వింటారు, అలవాట్లు మార్చుకోవడం నేర్పుతారు. ఒకరి చేతిలో మాత్ర, ఇంకొకరి చేతిలో మాట. నేను ఎంబీబీఎస్ చేసి, సైకియాట్రీ సీటు చేతికి వచ్చాక, దాన్ని వదిలి సైకాలజీకి వెళ్ళినదాన్ని. మా బ్యాచ్‌లో ఆ పని చేసిందాన్ని నేనొక్కదాన్నే. ఎందుకు చేశానో చెబుతాను. జీతాలూ ప్రమోషన్లూ ఇందులో ఉండవు. మనుషులుంటారు. రోగుల పేర్లు మాత్రం మార్చాను.

మంచాలు వేలం వేసిన ఎర్రమ్మ

డెబ్బైల నడిమి కాలం. హౌస్ సర్జన్‌గా నన్ను కొన్నాళ్ళు మానసిక వైద్య విభాగంలో వేశారు. అది ఎవరికీ ఇష్టంలేని పోస్టింగు. నా స్నేహితురాళ్ళు జాలిపడి పంపించారు. మొదటి రోజు ఆడవాళ్ళ వార్డులో అడుగుపెట్టేసరికి లోపల వేలంపాట జరుగుతోంది.

ఎర్రమ్మ అనే మత్స్యకార స్త్రీ మంచం మీద నిలబడి ఉంది. ఫిషింగ్ హార్బర్‌లో చేపల పాట పెట్టే మనిషి. ఇప్పుడు వార్డులో మంచాల్ని పాట పెడుతోంది. “రండి, రండి! ఇనప మంచం, కొత్త సరుకు! ఒకటోసారి!” పక్క మంచం మీది ముసలావిడ ఆ ఊపులో పడిపోయి నిజంగానే పాట పెంచుతోంది. ఎర్రమ్మ నన్ను చూసింది.

“ఓలమ్మో, డాట్రమ్మొచ్చిందర్రా! ఈ పిల్లని కూడా పాటెట్టేత్తాను. సన్నంగా ఉంది గానీ తాజా సరుకు. పాడండి!”

నవ్వు ఆపుకోలేకపోయాను. తలుపు దగ్గర నిలబడ్డ ఆమె భర్త మాత్రం నవ్వలేదు. “దీనికి కంటి మీద కునుకు నేదమ్మా. ఊరోళ్ళ పడవలు కూడా పాటెట్టి అమ్మేసింది. కొన్నోళ్ళొచ్చి మా గుమ్మంలో కూకున్నారు. ఇంతకు ముందు కూడా ఇలగే అయ్యింది. ఇది తగ్గితే మూల కూకుని నెలల తరబడి ఏడుత్తాది. ఆ ఏడుపు కంటే ఇదే నయం” అన్నాడు.

మా పెద్ద డాక్టరు లింగమూర్తి గారు. పొడవాటి మనిషి, మాట కటువు. పొరపాటున కూడా ఎవరినీ మెచ్చుకోరు. ఆయన ఎర్రమ్మ చెప్పేదంతా ఓపిగ్గా విని, నాతో అన్నారు: “ఉన్మాదం ఒక చివర, దిగులు ఇంకో చివర. ఈవిడ ఉయ్యాల లాగా ఊగుతోంది. దీనికిప్పుడు లిథియం అని ఒక మందు వచ్చింది. అదొక రకం ఉప్పు. తక్కువైతే పనిచెయ్యదు, ఎక్కువైతే విషం. నడుమ సన్నటి గట్టుంది. ఆ గట్టు మీద ఈవిడని నడిపించాలి. నడిపిస్తావా?”

ఎర్రమ్మ ఆ మాట విననే విన్నది. “ఉప్పుకి ఆసుపత్రెందుకు బాబూ? మా ఇంటి ముందు సముద్రం నిండా ఉప్పే గదా!”

ఆమె రక్తం తీసి పరీక్షకు నేనే పట్టుకెళ్ళేదాన్ని. ఫలితం వచ్చేదాకా ల్యాబ్ గుమ్మంలో నిలబడేదాన్ని. లింగమూర్తి గారు అంకె చూసి మోతాదు కొంచెం మార్చేవారు, మళ్ళీ చూసేవారు. మెల్లగా వేలంపాట ఆగింది. తర్వాత మాటల వేగం తగ్గింది. ఒక ఉదయం నేను వెళ్ళేసరికి ఎర్రమ్మ మంచం మీద కూర్చుని తల దువ్వుకుంటోంది. నా వైపు చూసి, సిగ్గుపడుతూ, “నిన్ను కూడా పాటెట్టేసినానంట గదా అమ్మా?” అంది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. కొన్ని చిటికెల ఉప్పు ఒక మనిషిని ఆ మనిషి చేతికే తిరిగి ఇచ్చింది!

కథ అక్కడితో ఆగలేదు. ఇంటికి పంపించే ముందు లింగమూర్తి గారు ఆమెను వింత ప్రశ్నలు అడిగారు. ఎండలో ఎంతసేపుంటావు? చెమట బాగా పడుతుందా? పని మధ్యలో నీళ్ళు తాగుతావా? తర్వాత నాకు వివరించారు. ఒంట్లో నీరు తగ్గితే ఆ మందు రక్తంలో చిక్కబడి విషమవుతుందట. హార్బర్‌లో ఆమె పని ఎలా ఉంటుందో చూడకుండా మోతాదు రాయనన్నారు. ఒకరోజు తెల్లవారుతుండగా నన్ను వెంటబెట్టుకుని ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళారు.

పడవలు అప్పుడే వచ్చాయి. ఐసు గడ్డల మీద చేపలు కుప్పలు పోస్తున్నారు. ఎర్రమ్మ గొంతు దూరం నుంచే వినిపించింది. అదే గొంతు, అదే జోరు. మళ్ళీ మొదలైందేమో అనుకున్నాను. అంతలో మూడోసారి అంది, కుప్ప ఎవరికో అప్పగించింది, ఆగిపోయింది. పక్కనున్న బిందెలోంచి నీళ్ళు ముంచుకుని తాగింది. ఆమె అరవడం నేను ముందే చూశాను. ఆగడం అదే మొదటిసారి చూడటం. మమ్మల్ని చూసి చెయ్యి ఊపింది. “డాట్రుబాబూ, నీళ్ళు తాగుతన్నాను! మీ ఉప్పు మింగుతన్నాను! సముద్రం ఉప్పు సాలక మీ ఉప్పు కూడానా!”

లింగమూర్తి గారు నవ్వడం కూడా అదే మొదటిసారి చూడటం. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నేను నిర్ణయించేసుకున్నాను. సైకియాట్రీయే.

సర్చిలో ఏటి సెప్పమంతావు?

మా నాన్న రైల్వే లోకో షెడ్డులో ఫిట్టరు. మా ఇల్లు కంచరపాలెంలో, పట్టాలకు దగ్గరగా. మా వంశంలో డాక్టరీ చదివింది నేనే. ఆదివారం చర్చి నుంచి వచ్చాక, అన్నాలు తింటుండగా విషయం చెప్పాను. నాన్న ముద్ద కింద పెట్టేశాడు.

“ఏటమ్మా ఎస్తేరూ, ఇంత సదివి పిచ్చాసుపత్రా? పురుళ్ళు పోసే డాట్రవుతావని సర్చిలో అందరికీ సెప్పుకున్నాను. ఇప్పుడేటి సెప్పమంతావు?”

ఎర్రమ్మ సంగతి మొత్తం చెప్పాను. మంచాల వేలం దగ్గర అమ్మ పగలబడి నవ్వింది. నాన్న నవ్వకుండా విన్నాడు. చివర్లో అడిగాడు, “అంటే ఇంజన్లో ఆవిరి ఎక్కువైతే వాల్వు తిప్పినట్టా?”

“దాదాపు అంతే నాన్నా.”

“మరి ఆ మాట ముందే సెప్పొచ్చు గదా” అని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆ వారమే చర్చిలో అందరికీ వాల్వు సంగతి చెప్పేశాడు కూడా.

సైకియాట్రీ డిప్లొమాకు సీటు వచ్చింది. కోర్సు మొదలయ్యేలోగా కొన్నాళ్ళు లింగమూర్తి గారి దగ్గరే తాత్కాలికంగా పనిచేస్తున్నాను. నా దారి ఖాయమైపోయిందని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. అప్పుడొచ్చాడు అప్పలరాజు.

క్రేను ఎక్కలేని మనిషి

అప్పలరాజు పోర్టులో క్రేను ఆపరేటరు. చీపురుపల్లి వైపు వ్యవసాయ కుటుంబం. ఊరు వదిలి వచ్చి పట్నంలో ఉద్యోగం సంపాదించిన మొదటివాడు. ఒక మధ్యాహ్నం అతను పైన క్యాబిన్‌లో ఉండగా ఉన్నట్టుండి ఈదురుగాలి లేచింది. గొలుసుకు వేలాడుతున్న పైపుల కట్ట ఊగిపోయింది, క్యాబిన్ ఊగింది, కింద జనం పరుగులు తీశారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కట్టను క్షేమంగా దించింది కూడా అతనే. కానీ మర్నాటి నుంచి అతను నిచ్చెన ఎక్కలేకపోయాడు.

అతన్ని తీసుకొచ్చింది బావమరిది సింహాచలం. అదే జెట్టీ మీద కింద నిలబడి క్రేను గొలుసుకు సరుకు తగిలించే పని అతనిది. 

“గుండె కొట్టేసుకుంతాది డాట్రమ్మా” అన్నాడు అప్పలరాజు, తల వంచుకుని. “సేతులు సెమట్లు పట్టేత్తాయి. నిచ్చెన మీద కాలేత్తే సచ్చిపోతన్నాననిపిత్తాది. గుండె డాట్రు ఏటీ నేదన్నారు. ఏటీ నేకపోతే ఇదేటి మరి?”

క్రేను పని పోతే కింది పనికి దింపేస్తారు. అంతకంటే పెద్ద దెబ్బ, ఊళ్ళో అందరికీ అతను ‘క్రేను అప్పలరాజు’. లింగమూర్తి గారు భయం తగ్గించే మాత్రలు ఇచ్చారు. వారం తిరక్కుండా బావా బావమరిదీ మళ్ళీ వచ్చారు. ఈసారి సింహాచలం మాట్లాడాడు.

“బాబూ, మీ మాత్రకి బయం పోయింది గానీ, మా బావ కూడా పోయాడు. కుర్సీలో కూకుని తూగుతన్నాడు. క్రేను మీద తూగితే కింద ఉండేది మేమే గదా!”

లింగమూర్తి గారు కలం పక్కన పెట్టేశారు. “నిజమే. నా మందు ఇక్కడితో ఆగింది” అని, వరండా చివరి గది వైపు చూపించారు.

ఆ గదిలో వసుంధర గారుండేవారు. ఆసుపత్రికంతా ఒక్కరే క్లినికల్ సైకాలజిస్టు. మిగతా డాక్టర్లు ఆవిడని ‘టెస్టులు చేసే అమ్మాయి’ అనేవారు. వయసులో వాళ్ళలో చాలామందికి అక్క. నేను కూడా అప్పటిదాకా ఆవిడ గది గడప తొక్కలేదు. ఆ రోజు కుతూహలం కొద్దీ వెళ్ళి వెనక కూర్చున్నాను.

వసుంధర గారు అప్పలరాజుని అడిగారు, “భయం వేసినప్పుడు ఏం చేస్తారు?”

“దిగిపోతానమ్మా.”

“దిగగానే?”

“పేనం లేసొత్తాది.”

“అదే చిక్కు. దిగిన ప్రతిసారీ మీ ఒంటికి మీరే ఒక పాఠం చెబుతున్నారు, దిగితేనే బతుకుతానని. ఒక్కసారి దిగకుండా కూర్చుంటే ఏమవుతుందో మీ ఒంటికి తెలీదు. భయం పెరుగుతుంది, పెరిగి పెరిగి అలిసిపోతుంది, తగ్గుతుంది. అది తగ్గేదాకా ఉందాం. నేనూ మీతో వస్తాను.”

నేను చదివిన పుస్తకాల్లో భయమంటే నరాలూ రసాయనాలూ. ఇక్కడ ఈవిడ భయానికి ట్యూషన్ చెబుతానంటోంది! నవ్వొచ్చింది. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఆ తర్వాత ఒక్కరోజూ మానలేదు.

మొదట గదిలోనే ఊపిరి నెమ్మదిగా వదలడం నేర్పారు. తర్వాత పోర్టు గేటు దగ్గర నిలబడి క్రేన్లని చూడటం. కొన్నాళ్ళకు క్రేను మొదట్లో కూర్చోవడం. ఆ తర్వాత నిచ్చెన పట్టుకుని నిలబడటం. ప్రతిచోటా అతను వణికేవాడు. ప్రతిచోటా ఆవిడ అదే మాట, “ఉందాం.” వణుకు తగ్గాకే కదిలేవాళ్ళం. పోర్టులో ఒక అధికారి మంచి మనసుతో, పని లేని క్రేనుని మాకు వదిలిపెట్టాడు.

పైకి ఎక్కే రోజు వసుంధర గారు నాతో, “ఈసారి నువ్వు వెళ్ళు. నేను కింద ఉంటాను” అన్నారు. కొంగు నడుముకి బిగించి అప్పలరాజు వెనకే ఎక్కాను. సగం ఎత్తులో ఒక జాలీ పలక ఉంది, ఆగడానికి. అక్కడికి చేరి కిందకి చూశాను. జాలీ సందుల్లోంచి ఓడకీ జెట్టీకీ నడుమ నల్లటి నీళ్ళు. నా కాళ్ళు నావి కాకుండా పోయాయి. కమ్మీని కావలించుకున్నాను. చేతులు వదలమంటే వదలవు.

“డాట్రమ్మా, ఏటయింది?”

“దిగిపోదాం అప్పలరాజూ.”

“దిగొద్దు!” అన్నాడు గట్టిగా. వచ్చి నా పక్కన చతికిలబడ్డాడు. “ఇప్పుడు దిగితే రేపు ఎక్కలేరు. బయం వత్తాది, పెరుగుతాది, అలిసిపోతాది. మేడమ్‌గారు సెప్పనేదేటి? కూకోండి. గాలి మెల్లగా ఒగ్గండి. నానున్నాను గదా.”

ఎంతసేపు కూర్చున్నామో తెలీదు. గాలికి క్రేను సన్నగా మూలుగుతోంది. దూరంగా డాల్ఫిన్ కొండ మీద ఎండ. నా గుండె మెల్లగా దారికొచ్చింది. అచ్చం ఆవిడ చెప్పినట్టే! అప్పుడు అతని మొహంలోకి చూశాను. చెమట లేదు. వణుకు లేదు. నన్ను చూసుకునే హడావిడిలో తన భయం సంగతే అతనికి గుర్తు లేదు. ఆ విషయం ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

“మీరిక్కడే కూకోండి. నాను ఎల్లొత్తాను” అన్నాడు.

ఎక్కాడు. క్యాబిన్ తలుపు తెరుచుకున్న చప్పుడైంది. తర్వాత క్రేను గంట గణగణ మోగింది, ఆగకుండా. కింద సింహాచలం తలపాగా విప్పి గాల్లో తిప్పుతూ “బావా! బావోయ్!” అని కేకలు పెడుతున్నాడు. సగం దారిలో కూర్చున్న నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలీలేదు. ఒక్క మాత్ర లేదు. ఒక్క సూది లేదు. ఒక మాట, దాన్ని నమ్మి కూర్చునే ఓపిక!

విసుగు పుట్టే రోజు

మర్నాడే వెళ్ళి లింగమూర్తి గారితో చెప్పాను, సైకియాట్రీ సీటు వదిలేస్తానని. ఆయన కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టారు.

“మతి పోయిందా? డాక్టర్ చదువు చదివి, ఇప్పుడు మళ్ళీ ఓనమాల దగ్గర్నుంచి మొదలుపెడతావా? ఎవరు గౌరవిస్తారు నిన్ను?”

వసుంధర గారైనా సంతోషిస్తారనుకుని ఆవిడ గదికి వెళ్ళాను. ఆవిడ ఇంకా కోప్పడ్డారు. “వార్డులో నేను పది మాటలు చెబితే ఒకటి వింటారు. అదే మాట డాక్టరు చెబితే రాసుకుంటారు. నీ దగ్గర ఆ డిగ్రీ ఉంది. ఎందుకు వదులుకుంటావు? అయినా నువ్వు ఎర్రమ్మని చూసి సైకియాట్రీ అన్నావు, అప్పలరాజుని చూసి సైకాలజీ అంటున్నావు. రేపు ఎవరో గుండె ఆపరేషన్ చేస్తుంటే చూసి అదంటావు. గొప్ప రోజుల్ని చూసి వృత్తిని ఎంచుకోకమ్మా. విసుగు పుట్టే రోజుని చూసి ఎంచుకో. బతుకంతా ఎక్కువగా ఉండేవి అవే.”

నా వద్దకు వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగిన సలహాలన్నిటిలోకీ ఇది పెద్దది. నాది కాదు, ఆవిడది.

ఆవిడ చెప్పినట్టే చేశాను. ఒకరోజంతా లింగమూర్తి గారి ఓపీలో కూర్చున్నాను. పాత రోగులు వరసగా వస్తున్నారు. నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, అవే మాత్రలు, మళ్ళీ నెలకి రండి. నేను గడియారం చూస్తున్నాను. ఆయన మాత్రం ఒక్కొక్కరినీ కొత్తగా చూస్తున్నారు. ఒకడి వేళ్ళలో వణుకు, ఇంకొకడి నడకలో బిగుతు, ఒకామె చీర కట్టులో మార్పు. ఇంత చిన్న తేడా కనబడితే మోతాదు సవరించి, లోలోపల మురిసిపోతున్నారు. ఆయనకది విసుగు పుట్టే రోజు కానే కాదు. నాకు అవుతోంది.

ఇంకో రోజు వసుంధర గారి గదిలో. ఒక గుమాస్తా వచ్చాడు. ఆవిడ ఎదురుగా కూర్చుని ఉంగరం తిప్పుకుంటూ ఉండిపోయాడు. ఆవిడా మాట్లాడలేదు. సమయం మొత్తం అలాగే గడిచిపోయింది. చివర్లో లేచి, “మీ ఫ్యాను చప్పుడు ఎక్కువగా ఉందండీ” అని వెళ్ళిపోయాడు. అంతే.

నాకు ఉండబట్టలేదు. “మేడమ్, ఫ్యాను మాట ఎందుకన్నాడు? ఇంతసేపూ మనం మాట్లాడతామేమోనని భయపడ్డాడా? మాట్లాడలేదని కోపమా? ఉంగరం ఎప్పుడు ఆపాడో చూశారా? బయట పిల్ల ఏడ్చినప్పుడు! అతనికి పిల్లలున్నారా?” అడుగుతూనే ఉన్నాను. ఆవిడ గది తాళం వేశారు, బస్టాపు దాకా నడిచాం, ఇంకా అడుగుతూనే ఉన్నాను.

వసుంధర గారు ఆగి నా భుజం మీద చెయ్యి వేశారు. “ఏమీ జరగని గంట గురించి ఇంతసేపు మాట్లాడావు. ఇక నేను వద్దనను.”

లింగమూర్తి గారు కూడా చివరికి మెత్తబడ్డారు. “వెళ్ళు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. మనసుకి ఒళ్ళుంటుంది. అది మర్చిపోయిన సైకాలజిస్టు ప్రమాదకరం” అన్నారు. కటువుగానే అన్నారు, కానీ బెంగళూరులో శిక్షణకు సిఫారసు చేసింది ఆయనే.

ఇక నాన్న. “మళ్ళీ ఏటమ్మా? ఇప్పుడు సర్చిలో ఏటి సెప్పమంతావు?”

“డాక్టర్నే నాన్నా. కాకపోతే మందు రాయను.”

“మందు రాయని డాట్రా!” అని గడ్డం గోక్కుంటూ చాలాసేపు ఆలోచించాడు. చివరికి, “పోన్లే. పాస్టరుగారు కూడా మందు రాయరు. అయినా జనం ఎల్లటం నేదేటి?” అన్నాడు.

మే నెలలో మఫ్లరు

ఎనభైల మొదట్లో శిక్షణ ముగించుకుని విశాఖ తిరిగొచ్చాను. ఊరు మారిపోతోంది. స్టీల్ ప్లాంటు కట్టుబడి జోరందుకుంది. ఎక్కడెక్కడి వాళ్ళో పనికి దిగుతున్నారు. నాకు వరండాలో వసుంధర గారి పక్క గది ఇచ్చారు. లింగమూర్తి గారు జుట్టు నెరిసినా అదే కటువుతనంతో రోగుల్ని పంపేవారు. అలా పంపినవాళ్ళలో పైడయ్య ఒకడు.

పైడయ్య వెల్డరు. ప్లాంటు కోసం ఖాళీ చేసిన ఊళ్ళలో ఒకటి అతనిది. పొలం పోయింది, కొన్నాళ్ళకు ప్లాంటులోనే పని దొరికింది. ఇప్పుడు పనిలో చురుకు లేదు, కూర్చున్నచోటే కునుకు, ఇంట్లో మాటా పలుకూ లేదు. మేస్త్రి సోమరి అన్నాడు. భార్య మాత్రం, “సోమరి కాదమ్మా, ఈడు మా ఆయన కాదు, ఇంకెవరో” అంది. లింగమూర్తి గారు చూసి, భూమి పోయిన దిగులని రాసి, మాట్లాడమని నాకు పంపారు.

అందరికీ నమ్మకం కుదిరే కథ అది. నాకూ కుదిరింది. మొదటిసారి అతను పొలం గురించి కాస్త చెప్పి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. రెండోసారి వచ్చినప్పుడు మే నెల. విశాఖ ఉక్కతో ఉడికిపోతోంది. నా జాకెట్టు వీపుకి అంటుకుపోయింది. పైడయ్య మాత్రం మెడకు ఉన్ని మఫ్లరు చుట్టుకుని, ఫ్యాను ఆపమన్నాడు.

“సలేత్తంది అమ్మా” అన్నాడు. గొంతు గరగర, అడుగు నుంచి ఈడ్చుకొచ్చినట్టు.

దిగులు మనిషి చేత చాలా చేయిస్తుంది. కానీ మే నెలలో విశాఖపట్నంలో మఫ్లరు కట్టించదు! మొహం ఉబ్బి ఉంది. చేతి చర్మం ఎండిన ఆకులా ఉంది. నాలోని పాత హౌస్ సర్జన్ కుర్చీలోంచి లేచింది. వరండాలో దాదాపు పరిగెత్తుకుంటూ లింగమూర్తి గారి గదికి వెళ్ళాను.

“సార్, థైరాయిడ్ తగ్గిపోయినట్టుంది. ఒక్కసారి చూడండి.”

ఆయన వచ్చారు. మెడ తడిమారు, మడమ దగ్గర నరం మీద చిన్న సుత్తితో తట్టి, పాదం ఎంత మెల్లగా వెనక్కి వస్తోందో చూశారు. రక్తం పరీక్షకు పంపారు. ఫలితం వచ్చిన రోజు తనే నా గదికి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

“కథ బాగుందని ఒళ్ళు చూడటం మానేశాను. తప్పు నాది” అన్నారు. వెంటనే, పండగ చేసుకుంటున్న మొహంతో, “ఎంత మంచి తప్పు దొరికిందమ్మా! రేపు విద్యార్థులందరికీ చెప్పాలి” అన్నారు. తన పొరపాటుని అంత సంబరంగా మోసుకెళ్ళిన డాక్టర్ని నేను మళ్ళీ చూడలేదు. మీకు పై అధికారిగా అలాంటివారు దొరికితే, ఏ శాఖ అయినా సరే, వదలకండి.

కాబట్టి, నన్ను అడిగే పిల్లలకు నేను చెప్పేది సూటిగా ఇది. ఒళ్ళు, మెదడు, మందు, వీటి లెక్క మీకు రుచిస్తే, ఒకే రోగాన్ని వందసార్లు చూసినా నూటొకటోసారి కొత్త తేడా వెతకగలిగితే సైకియాట్రీకి వెళ్ళండి. దొడ్డ చదువు. ఎర్రమ్మ లాంటివాళ్ళకి మాటలతో ఒరిగేదేమీ లేదు. మనిషి మౌనం మీకు రుచిస్తే, ఫలితం కోసం నెలలు కాచుకోగలిగితే, వార్డులో మీ మాటకు విలువ లేని రోజుల్ని కూడా ఓర్చుకోగలిగితే సైకాలజీకి రండి. డాక్టరు సీటు రాలేదని మాత్రం ఇటు రావద్దు. మాట్లాడటం చేతకాదని అటు వెళ్ళొద్దు. ఈ రెండు రకాల వాళ్ళూ నాకు తగిలారు. ఇద్దరి దగ్గరా రోగులు నలిగిపోయారు. ఇక ఎటు వెళ్ళినా, పక్క గది తలుపు తట్టడం నామోషీ అనుకోకండి.

పైడయ్యకు మాత్రలు మొదలయ్యాయి. వర్షాలు తగ్గేనాటికి అతను మళ్ళీ వచ్చాడు. మొదట గుర్తుపట్టలేదు. మొహం వాపు దిగిపోయింది, గొంతు విచ్చుకుంది, నడకలో ఊపు. మఫ్లరు లేదు. భార్య గుమ్మంలోంచే నవ్వుతోంది.

“అమ్మా, నాను బాగయిపోయాను” అన్నాడు. “ముందర మీ దగ్గర ఏడిసిందంతా మర్సిపోండి. ఆడెవడో. అది రోగం.”

“అంతా రోగమేనా? పొలం గురించి చెప్పింది కూడా?”

అతని నవ్వు ఆగింది. కిటికీలోంచి బయటికి చూశాడు. 

“అది నానే అమ్మా” అన్నాడు. “నాను ఎల్డింగ్ సేసే షెడ్డు ఉంది సూడండి, అది మా జీడితోట మీదే కట్టారు. ఏ తంబం కాడ ఏ సెట్టుండేదో నాకు తెల్సు. అప్పుడు ఏటీ తెల్సేది కాదు, అంతా మంచు పట్టేసినట్టుండేది. ఇప్పుడు మంచు ఇడిపోయింది. అన్నీ కనిపిత్తన్నాయి. మందేసుకున్నాక మరీ ఎక్కువ కనిపిత్తన్నాయి.”

“ఆ సంగతి మాట్లాడుకోవాలనుందా?”

భార్య వైపు చూశాడు. ఆమె వరండాలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. పైడయ్య కుర్చీ నా వైపుకి లాక్కున్నాడు, రెండు చేతులూ టేబుల్ మీద పెట్టాడు.

“ముందు తూరుపు గట్టు కాణ్ణించి సెప్తాను” అన్నాడు. “అక్కడ మా అమ్మ నాటిన సెట్టుండేది.”

నేను ముందుకి వంగి కూర్చున్నాను.